మడత విప్పని నోటు

మునిసిపాలిటీ ఆఫీసులో నాలుగో కిటికీ దగ్గర కూర్చున్నావిడ ఫైలు తెరిచే పద్ధతి చూసి యోలైదాకు ధైర్యం వచ్చింది. ఆవిడకు ఏ తొందరా లేదు. ముందు అట్ట మీద పేరు చదివింది. చూపుడువేలు తడి స్పాంజికి అద్దింది. ఒక్కొక్క కాగితమే తిప్పుతూ, మధ్యమధ్యలో గొట్టంతో మాతే టీ ఒక గుక్క పీలుస్తోంది. తన దేశంలో, మరకైబోలో ఉన్నప్పుడు యోలైదా ఇలాంటి గుమస్తాలనే వెతుక్కుని వాళ్ళ వరసలోనే నిలబడేది. గబగబా తిప్పేవాళ్ళకు కాగితాల మధ్య ఏముందో కనపడదు. కనపడ్డా, పక్కవాళ్ళకు తెలిసిపోయేలా తడబడతారు. నెమ్మదస్తులతోనే పని జరుగుతుంది.

మొదటిది దరఖాస్తు. రెండోది గారేజీ అద్దె ఒప్పందం. మూడోది వంటగది పటం. మొగుడు ఉబాల్దో స్కేలు పెట్టి మరీ గీశాడు. సింకు ఇక్కడ, పొయ్యి ఇక్కడ, దోమతెర కొట్టిన కిటికీ ఇక్కడ. ఆ మూడో కాగితం వెనకాల, నాలుగు మడతలు పెట్టిన ఇరవై డాలర్ల నోటు ఉంది. దాని కుడి మూల చిన్నగా వెనక్కి మడిచి ఉంది.

ఆవిడ చెయ్యి ఆగింది. మాతే గొట్టం నోట్లోంచి తీసింది.

"యోలైదా ఉర్దనేతా, మీరేనా?"

"నేనేనండీ."

"శుక్రవారం పదింటికి రండి. వేరే కిటికీకి వెళ్ళకండి, నన్నే అడగండి. నా పేరు జుల్మా."

"ఇంకేమైనా కాగితం కావాలాండీ?"

"కాగితాలు సరిపోయాయి," అంది జుల్మా. కళ్ళద్దాల పైనుంచి ఒకసారి చూసి, "ఎక్కువే ఉన్నాయి," అంది. తర్వాత ఆ ఫైలును మిగతా ఫైళ్ళ దొంతర మీద పెట్టకుండా, కింది సొరుగులో పెట్టి తాళం వేసింది.

సొరుగులో పెట్టి తాళం కూడా వేసిందంటే యోలైదాకు ఇంక అనుమానం అక్కర్లేదు. మెట్లు దిగి ఎండలోకి వచ్చి, గుండెనిండా గాలి పీల్చుకుంది. మాంటెవిడియో వచ్చి ఎనిమిది నెలలైంది. ఈ ఊళ్ళో మనుషులు అరవరు, బస్సు ఆగాక ఎక్కుతారు, నంబరు చీటీ చేత్తో పట్టుకుని గంటలు గంటలు ఓపిగ్గా కూర్చుంటారు. వాళ్ళలో ఏ నరం పట్టుకుంటే ఏది కదులుతుందో ఆమెకు ఇన్నాళ్ళూ అంతుపట్టలేదు. పద్దెనిమిదేళ్ళు మరకైబోలో ఊరివాళ్ళ పాస్‌పోర్టులూ ఇళ్ళ పత్రాలూ చంకన పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషికి ఇది చిన్న బాధ కాదు. ఆ మూల మడత చూస్తే చాలు, యోలైదా ఫైలు వచ్చిందని అక్కడి గుమస్తాలంతా పోల్చుకునేవారు. ఇవాళ ఇక్కడ కూడా ఒక మనిషి ఆ మడతను పోల్చుకుంది. ఊరు ఏదైనా సొరుగు సొరుగేనని ఆమె మనసు తేలికపడింది. దారిలో ఎవరూ వినకుండా చిన్నగా కూనిరాగం కూడా తీసింది.

ఇంటావిడ మిర్తా వాకిట్లో కుర్చీ వేసుకుని, ఫ్లాస్కు చంకలో ఇరికించుకుని కూర్చుని ఉంది. బడిలో వంటమనిషిగా చేసి పింఛను పుచ్చుకుంటున్న మనిషి. యోలైదా వంటగది చేసుకున్న గారేజీ ఆవిడదే. పేట క్లబ్బులో కార్నివాల్ ఉత్సవాల కమిటీ సభ్యురాలు కూడా. శనివారం నుంచి క్లబ్బు వేదిక మీద ఆటపాటలు మొదలవుతాయి. పదిహేను సాయంత్రాలు అక్కడ తినుబండారాల బల్ల పెట్టుకునే అవకాశం యోలైదాకు ఇప్పించింది ఆవిడే. యోలైదా చేసే తెకెన్యోలు, అంటే చీజు ముక్కకు పిండి చుట్టి వేయించే పుల్లలు, కమిటీ వాళ్ళు పళ్ళేలకు పళ్ళేలు లాగించారు. అయినా వంటగదికి మునిసిపాలిటీ అనుమతి కాగితం లేనిదే బల్ల ఇవ్వమని ఖండితంగా చెప్పారు. కాగితం రాకపోతే ఆ చోటు సాసేజీల ఆయనకు పోతుంది. బేకరీలో రోజుకు పన్నెండు గంటలు నిలబడి మోకాళ్ళు వాచిపోతున్న ఉబాల్దో, ఇంకెన్నాళ్ళో అక్కడే నిలబడాల్సి వస్తుంది.

"ఏమైందే అమ్మాయ్?"

"అయిపోయినట్టే మిర్తా గారూ. శుక్రవారం ఇస్తానంది. మంచి మనిషి. ఎంత ఒద్దికగా పుచ్చుకుందో!"

"ఏం పుచ్చుకుంది?"

"అదేనండీ, మామూలు."

మిర్తా మాతే బుర్ర ఒళ్ళో దించింది. "ఏ మామూలు?"

"ఫైల్లో పెట్టాను కదా. చేతికెలా ఇస్తామండీ, అందరూ చూస్తుంటే."

మిర్తా మొహంలో రంగు పోయింది. వీధి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నువ్వు ఆఫీసులో... గుమస్తాకి... డబ్బు పెట్టావా? ఓసి నీ తెలివి తెల్లారా! ఇక్కడ అలా చెయ్యరే! కేసు పెడతారు. ఫైలు సొరుగులో దాచిందా? సాక్ష్యానికే దాచింది!"

"అదేంటండీ? మొన్నటిదాకా పైనుంచి కిందిదాకా అందరూ దొంగలే, దేశాన్ని నంజుకు తింటున్నారని మీరే కదా అన్నారు?"

"అన్నాను. అది మా ఇంటి గోల. మేం తిట్టుకుంటాం, వంద అనుకుంటాం. అంతమాత్రాన నువ్వు నిజమనుకుని వెళ్ళి నోటు పెట్టేసి వస్తావా?" అంటూ లేచి లోపలికి వెళ్ళి, ఆ వారం పేపరు పట్టుకొచ్చింది. లంచగొండితనంలో ఏ దేశం ఎక్కడుందో వరసగా అచ్చువేసిన పెద్ద జాబితా. "చూడు. లంచాలు తక్కువన్న లెక్కలో ఈ ఖండం మొత్తానికి మేమే మొదలు. ఇదుగో, ఇక్కడ. మీరు..." ఆవిడ వేలు కిందికి జారింది. ఇంకా కిందికి, పేజీ అడుగుదాకా జారింది. అక్కడ ఆగి, జాలిపడి వేలు తీసేసింది. "మీరూ ఉన్నార్లే."

యోలైదా ఆ అడుగు వరసలో తన దేశం పేరు చూసింది. బడిలో మార్కులు అచ్చువేసి గోడకు అంటిస్తే చూసుకున్నట్టు ఒళ్ళు వేడెక్కింది. "ఇవి ఎవరు రాస్తారండీ?"

"ఏమో. వ్యాపారుల్నీ, చదువుకున్నవాళ్ళనీ అడుగుతారట, ఫలానా దేశంలో ఎలా ఉంది అని."

"నన్నెవరూ అడగలేదే. పద్దెనిమిదేళ్ళు చేశాను. అడిగితే బల్ల నంబరుతో సహా చెప్పేదాన్ని."

"నోరు ముయ్యి తల్లీ," అంది మిర్తా. "శుక్రవారం దాకా ఎవరితోనూ అనకు."

*

ఉబాల్దో బేకరీ నుంచి వచ్చి, టబ్బులో వేడినీళ్ళు పోసుకుని కాళ్ళు పెట్టి విన్నాడు. అతని చెవుల వెనక ఇంకా మైదాపిండి ఉంది. మామూలుగా అయితే ప్రతి మాటకూ ఒక వెటకారం ఆడే మనిషి, ఇవాళ సూటిగా అసలు సంగతి అడిగాడు.

"పుచ్చుకుందా, లేదా? ఒక్క ముక్కలో చెప్పు."

"సొరుగులో పెట్టి తాళం వేసింది."

"అయితే పుచ్చుకుంది."

"సాక్ష్యానికి దాచిందంటోంది మిర్తా గారు."

"సరే, లెక్క తేలికే. ఆవిడ దొంగయితే శనివారం బల్ల మనది. మంచిదయితే మనం మునిగాం." నీళ్ళలో వేళ్ళు కదిపాడు. "ఇన్నేళ్ళూ దొంగలతో పడలేక ఇంత దూరం వచ్చాం. తీరా వచ్చాక ఒక్క దొంగ దొరికితే చాలని కోరుకుంటున్నాం. మనంత తెలివైనవాళ్ళు లేరు యోలే."

"నవ్వించకు."

"నువ్వెందుకు పెట్టావు? అడిగిందా?"

"అడగలేదు."

"మరి?"

యోలైదా తన చేతులు చూసుకుంది. నిజం చెప్పాలంటే ఆమె ఏమీ ఆలోచించలేదు. పొద్దున్న వంటబల్ల మీద కాగితాలు సర్దుతుంటే, కుడిచెయ్యి తనంతట తనే పర్సులోకి వెళ్ళి నోటు తీసి, నాలుగు మడతలు పెట్టి, మూల వెనక్కి తిప్పి, మూడో కాగితం వెనక దోపింది. చొక్కాకు బొత్తాం పెట్టినట్టే జరిగిపోయింది. ఆ సంగతి మొగుడికి చెప్పబోయి మానేసింది. చెయ్యి చేసిందంటే ఏ పోలీసు ఒప్పుకుంటాడు?

పడుకోబోయే ముందు గోడ మీద, మరకైబో వాళ్ళు కొలిచే చినీతా మాత పటం దగ్గర నిలబడింది. అప్పుడు ఆమె చేసిన ప్రార్థన ఏ చర్చిలోనూ ఎవరూ చేసి ఉండరు. "తల్లీ, ఆవిడ దొంగయి ఉండేలా చూడు." అనేశాక సిగ్గేసింది. మరో కొవ్వొత్తి వెలిగించింది గానీ, మొక్కు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

*

బుధవారం పొద్దున పిండి కలిపింది. వెన్న ఎక్కువై పిండి చేతికి అతుక్కుపోయింది. మళ్ళీ కలిపింది. పట్టీలుగా కోసి చీజు ముక్క చుట్టూ తిప్పుతుంటే, ఎప్పుడూ సన్నగా ఒకే వాటంగా వచ్చే చుట్లు ఇవాళ ఒకచోట లావుగా, ఒకచోట చీజు బయటపడేలా వచ్చాయి. వేయిస్తే నూనెంతా చీజు. పదకొండు గంటలకు ఆప్రాన్ విప్పి బస్సెక్కింది.

ఆఫీసులోకి వెళ్ళలేదు. ఎదురుగా చిన్న పార్కు ఉంది. అక్కడ చెట్టు వెనక బెంచీ మీద కూర్చుంది. ఒంటిగంటకు జుల్మా బయటికి వచ్చి, పార్కులోనే రెండు బెంచీల అవతల కూర్చుని, కాగితం పొట్లం విప్పి రొట్టె తినడం మొదలుపెట్టింది. యోలైదాకు ఒక విద్య ఉంది. పుచ్చుకునే గుమస్తాను కాళ్ళు చూసి చెప్పేయగలదు. చొక్కా పాతదే వేసుకొస్తారు, వాచీ ఇంట్లో పెట్టి వస్తారు, చెప్పుల దగ్గర మాత్రం మనసు ఆగదు. పద్దెనిమిదేళ్ళలో ఈ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

జుల్మా కుడికాలి చెప్పు పట్టీ తెగితే, దాన్ని కాగితాలు కుట్టే సన్నటి తీగతో కట్టుకుంది.

ఆ తీగ చూడగానే యోలైదా గుండె జారిపోయింది. ఎడమ చెప్పు కూడా చూసింది, ఏదైనా ఆశ ఉందేమోనని. దాని మడమ ఒక పక్కకి అరిగిపోయింది. రొట్టెలో కూడా ఏమీ లేదు, ఒక గుడ్డు, రెండు టమాటా ముక్కలు. జుల్మా చివరి తుంపలు పావురాలకు వేసి, పొట్లం కాగితం మడిచి సంచీలో పెట్టుకుని, నెమ్మదిగా ఆఫీసులోకి నడిచింది.

యోలైదాకు ఏడుపొచ్చింది. ముందు భయంతోనే వచ్చింది. కానీ ఏడుస్తూ ఏడుస్తూ ఉంటే, అందులో ఇంకేదో కలిసింది. మరకైబోలో ఒక ముసలావిడ భర్త మరణ ధ్రువపత్రం కోసం చేతి గాజు తీసి యోలైదా చేతిలో పెట్టిన రోజు గుర్తొచ్చింది. ఆ గాజు ఏ బల్ల మీదికి వెళ్ళిందో, ఆ బల్ల మనిషి బూట్లు ఎలా మెరుస్తున్నాయో కూడా గుర్తొచ్చింది. ఆ రోజు తీగ కట్టిన చెప్పుల మనిషి ఒక్కతె అక్కడ ఉండి ఉంటే, ఆ గాజు ఆ చేతికే ఉండేది. ఆవిడ దొంగయి ఉండాలన్న మొక్కు ఎంత సిగ్గుమాలిందో అప్పుడు తెలిసింది. అయినా శనివారం మాత్రం వచ్చి తీరుతుంది. బల్ల పోతుందన్న భయం అలాగే ఉంది.

*

గురువారం సూర్యుడు వాలుతుండగా క్లబ్బు పెరట్లో, కార్నివాల్‌కు వెటకారం పాటలు కట్టి పాడే మూర్గా బృందం రిహార్సల్ చేసింది. పదమూడు మంది మగవాళ్ళు, ఇంకా రంగులు పూసుకోలేదు, నిక్కర్లలో ఉన్నారు. ముక్కుతో పాడే ఆ పాట వీధి చివరికి వినపడుతుంది. మిర్తా బలవంతాన యోలైదాను తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఖండానికే ఫస్టు మనం, కప్పు తెచ్చుకుందాం రండి!
కప్పు కోసం అర్జీ ఉంది, కిటికీ నంబరు ఏడండీ!
ఏడుకెళితే ఎనిమిదన్నారు, ఎనిమిదికెళితే సెలవన్నారు,
మా బావకు చెప్పండంటే... మధ్యాహ్నానికే ఇచ్చారు!"

పెరడంతా గొల్లుమంది. మిర్తా కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వి నవ్వి, ఉన్నట్టుండి ఆపి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమైందండీ?" అంది యోలైదా.

"ఏం లేదు."

"మిర్తా గారూ."

"మరేం లేదే. నిన్న మా వియ్యపురాలి తమ్ముడికి ఫోన్ చేశాను. వాషింగ్టన్ అని, పార్కుల విభాగంలో ఉంటాడు. పేరేమో వాషింగ్టన్, చేసేది మొక్కలకు నీళ్ళు పొయ్యడం, కానీ ఆఫీసులో అందర్నీ ఎరుగున్నవాడు. మా పిల్ల, కొత్తది, తెలియక ఏదో చేసింది, కాస్త చూడమని ఒక మాట చెప్పమన్నాను. చెప్పాడట."

యోలైదా ఆవిడ వైపు నోరు తెరుచుకుని చూసింది. "ఎవరికి చెప్పాడు? జుల్మా గారికా?"

"ఆవిడకే అనుకుంటా."

"నేను నోటు పెడితే కేసన్నారు. మరి ఇదేంటండీ?"

"ఇదీ అదీ ఒకటెలా అవుతుందే? ఇందులో డబ్బుందా? తెలిసినవాళ్ళకి తెలిసినవాళ్ళు చెప్పుకోవడం. మా అమ్మకి పింఛను, మా చెల్లికి టెలిఫోను, నాకు బడిలో ఉద్యోగం, అన్నీ అలాగే..." మిర్తా మాట మధ్యలో ఆగిపోయింది. వేదిక మీద వాళ్ళు రెండోసారి అదే చరణం ఎత్తుకున్నారు. మా బావకు చెప్పండంటే. ఈసారి మిర్తా నవ్వలేదు. "నీ మేలు కోరే చేశాను, అమ్మాయ్," అంది.

"తెలుసండీ," అంది యోలైదా. కోపం రావాల్సిన చోట ఆవిడ మీద ప్రేమ పొంగింది. దేశం కాని దేశంలో తన కోసం ఫోను ఎత్తిన మొదటి మనిషి. ఆ ఫోను తన నెత్తిన ఇంకో రాయి అయినా సరే.

*

శుక్రవారం పదింటికి జుల్మా కిటికీ మూసేసి ఉంది. యోలైదా పేరు చెప్పగానే ఐదో కిటికీ అమ్మాయి లేచి పక్కగదికి తీసుకెళ్ళింది. అక్కడ జుల్మాతో పాటు యూనిఫారం వేసుకున్న మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. యోలైదా చేతికందిన కుర్చీ పట్టుకుంది.

"కూర్చోండి," అంది జుల్మా. "ఈయన మా కాపలాదారు. ఈ అమ్మాయీ ఆయనా సాక్షులు. రూలు ప్రకారం ఇద్దరుండాలి."

సాక్షులన్న మాట చెవిన పడగానే యోలైదాకు ఉబాల్దో మోకాళ్ళు గుర్తొచ్చాయి. జుల్మా సొరుగులోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టింది. కవరు మీద మూడు ముద్రలు. దాని కింద ఉన్న కాగితాన్ని ముఖం ముందు పట్టుకుని, వార్తలు చదివినట్టు చదివింది.

"మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, నాలుగవ కిటికీ వద్ద దాఖలైన ఫైలులో, మూడవ నాలుగవ పుటల నడుమ ఒక కరెన్సీ నోటు కనుగొనబడినది. నోటు నాలుగు మడతలుగా, కుడి మూల వెనుకకు తిప్పబడి ఉన్నది. మడత విప్పలేదు గనుక విలువ తెలియదు. దరఖాస్తుదారు పొరపాటున మరచినట్లు భావించడమైనది." కాగితం దించింది. "పొరపాటున మరిచిపోయారు. అంతే కదా?"

యోలైదా నోరు తెరిచింది. తీగ కట్టిన ఆ చెప్పుల ముందు అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "నిజానికండీ, నేను..."

"అవునా, కాదా అని మాత్రమే చెప్పండి," అంది జుల్మా, కొంచెం గట్టిగా. "అవునంటే ఇక్కడ ఒక్క సంతకం. కాదంటే ఇంకో ఫారం ఉంది. పదకొండు పేజీలు. దాన్ని పట్టుకుని ఈయన నడుచుకుంటూ స్టేషనుకి వెళ్ళాలి. బయట ఎండ మండిపోతోంది."

కాపలాదారు కిటికీలోంచి ఎండ వైపు చూసి, దిగులుగా తల ఊపాడు.

"పొరపాటేనండీ," అంది యోలైదా. "చాలా పెద్ద పొరపాటు."

"రాసుకున్నాం." జుల్మా పెన్ను ముందుకు తోసింది. యోలైదా సంతకం చేసింది, సాక్షులు తమ పెన్నులతో చేశారు. కవరు చింపి, నోటును రెండు వేళ్ళతో పట్టుకుని ఆమె అరచేతిలో పెట్టింది జుల్మా. మడతలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. సాక్షులిద్దరూ వెళ్ళిపోయాక ఫైలు తెరిచి, నీలం ముద్ర వేసిన కాగితం ఒకటి తీసి ఇచ్చింది. యోలైదా పేరు, గారేజీ చిరునామా, వంటగది అనుమతి.

యోలైదాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. "ఇది... వచ్చేసిందాండీ?"

"బుధవారమే వచ్చింది. మీ పటం బాగా గీశారు, ఎవరు గీశారో గానీ. దోమతెర కూడా చూపించారు. మీ నోటుకు రసీదు రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది. అలాంటి ఫారం మా దగ్గర లేదు. రెండో అంతస్తుకు వెళితే మూడో అంతస్తుకు వెళ్ళమన్నారు, మూడో అంతస్తులో తయారుచేశారు." ఆవిడ నవ్వలేదు. "ఇంకో విషయం. నిన్న నాకొక ఫోను వచ్చింది. 'మా మనిషి, కాస్త చూడండి' అని."

"నేను చెయ్యమనలేదండీ! మా ఇంటావిడ, పాపం, ప్రేమకొద్దీ..."

"తెలుసు. నాకు రోజుకి నాలుగొస్తాయి. కాగితం ముందే వచ్చేసింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ ఫోను వల్ల వచ్చిందని చేసినాయన అనుకునేవాడు, మీరూ అనుకునేవారు." కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నోటయితే తిరిగిచ్చేశాను. ఫోనుని ఎలా తిరిగివ్వనూ? మీ ఊళ్ళో నోట్లు పెడతారు, మా ఊళ్ళో ఫోన్లు చేస్తారు. పేపర్లో వచ్చిన ఆ లంచాల జాబితా రాసేవాళ్ళకి ఫోన్లు వినపడవు. మొదటి స్థానమట!"

యోలైదా కాగితాన్ని గుండెకు హత్తుకుంది. చిన్నపిల్లలా కళ్ళు తుడుచుకుంది. లేవబోతూ, పద్దెనిమిదేళ్ళుగా ప్రతి బల్ల ముందూ లేచేటప్పుడు అడిగిన ప్రశ్న, ఆపుకునేలోపే నోట్లోంచి జారిపోయింది.

"మీకు ఏమిచ్చుకోవాలండీ?"

అనేసి నాలుక కరుచుకుంది. జుల్మా కళ్ళద్దాలు పెట్టుకుని ఆమె చేతి వైపు చూసింది.

"నా పెన్ను."

యోలైదా చూసుకుంటే పెన్ను ఇంకా తన కుడి చేతిలోనే ఉంది. గబగబా బల్ల మీద పెట్టేసింది. అప్పుడు జుల్మా మొదటిసారి నవ్వింది, ముందు పళ్ళ మధ్య సందు కనపడేలా.

మెట్ల మీద ఎండలో నిలబడి ఫోను తీసింది. మొదటి రింగుకే ఉబాల్దో ఎత్తాడు. వెనకాల బేకరీ మిషను హోరు.

"యోలే? ఎక్కడున్నావు? స్టేషన్లోనా?"

"మెట్ల మీదున్నాను. వచ్చింది. కాగితం నా చేతిలోనే ఉంది."

అవతల అతను ఎవరికో ఏదో కేకేసి చెప్పడం, వాళ్ళు చప్పట్లు కొట్టడం వినిపించింది. మళ్ళీ ఫోను దగ్గరికి వచ్చాడు.

"అయితే దొంగేనన్నమాట! ఎంత పట్టింది?"

"ఒక పెన్ను," అంది యోలైదా. "అదీ తిరిగిచ్చేశాను. సాయంత్రం తొందరగా రా, పిండి కలపాలి."